మూడు గొట్టాలు

ఒంట్లో రక్తం లేదని తేలిన ఆడమనిషినే మళ్ళీ రక్తం ఇమ్మంటారు. ఎందుకో మాత్రం చెప్పరు.

విశాఖపట్నంలో ఒక లేబ్‌లో నా పక్కన కూర్చున్నావిడ ఆ మాటే అడిగేసింది. "రగతం నేదని రాసినారు గదా బాబూ, మల్లీ మూడు గొట్టాలు తీసేత్తే నానేటైపోను?" సూది పట్టుకున్న కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. నా చేతికీ అప్పటికే రబ్బరు పట్టీ బిగించారు. స్త్రీ శరీరం గురించి పేజీలకు పేజీలు చదివి డాక్టరేట్ తీసుకున్న నాకు కూడా జవాబు కావలసిన ప్రశ్నే అది.

తర్వాత చదివి తెలుసుకున్నాను. మూడు గొట్టాలూ కలిపినా పది మిల్లీలీటర్లు, రెండు టీస్పూన్లు. సన్నటి మనిషికైనా దాదాపు మూడు లీటర్ల రక్తం ఉంటుంది. ఆ రంగు మూతలు అందానికి కాదు. ఊదారంగు మూత గొట్టంలో ఇ.డి.టి.ఎ. అనే రసాయనం ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కాల్షియాన్ని అది పట్టేసుకుంటుంది. అప్పుడు హిమోగ్లోబిన్ కొలుస్తారు. ఒంట్లోంచి బయటికొచ్చాక కూడా రక్తకణాలు చక్కెరని తింటూనే ఉంటాయి. దాన్ని ఆపడానికి బూడిదరంగు మూత గొట్టంలో సోడియం ఫ్లోరైడ్ వేస్తారు. ఎర్రమూత గొట్టంలో మాత్రం రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, పైన తేరిన సీరం తీస్తారు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష దానితోనే. వరసా ముఖ్యమే. ఎర్రమూత ముందు, ఊదా తర్వాత, బూడిదరంగు చివర. ఊదా గొట్టంలోది ఎర్రదాంట్లో కలిస్తే పొటాషియం పెరిగిపోయినట్టు, కాల్షియం పడిపోయినట్టు తప్పుడు లెక్క వస్తుంది.

ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పకపోవడానికి కారణం తీరిక లేకపోవడమేనా? నెలనెలా పోయే రక్తం 'మైల'. గొట్టంలోకి వెళ్ళింది 'శాంపిల్'. రెండూ మన ఒంటివే, రెండిటి గురించీ మనం నోరెత్తకూడదు.

బైలదిల్లా ఇనుప ఖనిజం మా రేవులోనే ఓడలెక్కుతుంది. ఉక్కు కర్మాగారమూ మా ఊళ్ళోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఆ సర్వేలో వేలి నుంచి చుక్క తీసి కొలిచారు. సిర నుంచి తీసి కొలిస్తే లెక్క మారుతుందనే వాదన ఉంది. అంటే రక్తం ఎలా తీశారన్నది కూడా మన గురించి రాసే వాక్యంలో భాగమే.

అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే మనిషి సంగతి ఏ గొట్టమూ చెప్పదు. అది మనమే చెప్పుకోవాలి. కనీసం చెయ్యి చాపేముందు "ఇది దేనికి తీస్తున్నారు?" అని అడుగుదాం. అడిగిన ఆడవాళ్ళని చూసి నవ్వడం అప్పుడు కొంచెం కష్టమవుతుంది.