ఆగుట నేర్చిన బండి

నేను పుట్టినది సిరిసిల్లలో. పాఠములు చెప్పినది కోరుట్లలో. విశ్రాంతిగా నున్నది జగిత్యాలలో. జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాదు వరకు రైలుమార్గము 2017లో పూర్తియైనది. బాల్యమున మా యూరికి రైలు లేదు. అందుచేత ఈ వయస్సునను రైలన్న నాకు వింతయే.

ఒక వేసవిలో మనుమని వెంటబెట్టుకొని హైదరాబాదు వెళ్లి, జూబ్లీ బస్ స్టేషనులో దిగి, అచటనే మెట్రో రైలెక్కితిని. మహాత్మా గాంధీ బస్ స్టేషను వరకు గల ఈ మార్గము 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. ముషీరాబాదు దాటిన పిమ్మట బండి వంతెనపై నిలిచిపోయెను. క్రింద వాహనముల రొద, లోపల నిశ్శబ్దము. మనుమడు నా చేయి గట్టిగా పట్టుకొని, "తాతా, వెనుక వచ్చే బండి మనల్ని గుద్దుతుందా?" అని యడిగెను.

వాని భయము అకారణము కాదు. సిగ్నలును కనిపెట్టినవారి భయమును అదియే. పూర్వము దారిని ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమున ఒకే బండి యుండునట్లు చూచెడివారు. ఒంటిదారిపై డ్రైవరునకు ఒక లోహపు గోళము నిచ్చెడివారు. అది చేతికి రానిదే బండి కదలరాదు. నాకా పద్ధతియే ఇష్టము. కంటికి కనబడును గదా! కాని కొద్ది నిమిషముల కొక బండి నడువవలసిన నగరమున అది చాలదు.

మెట్రోలో సిగ్నలు బండిలోనే యుండును. పట్టాల నడుమ అమర్చిన గుర్తులను చదువుచు, చక్రములెన్ని సార్లు తిరిగినవో లెక్కించుచు, తానెచట నున్నదో బండి రేడియో ద్వారా ఎడతెగక తెలుపుచుండును. దారి ప్రక్కనున్న కంప్యూటర్లు, "ఇంత దూరము పోవచ్చును" అని బదులు పంపును. ముందు బండి జరిగినకొలది ఆ హద్దును జరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆగుటకు సుమారు పావు కిలోమీటరు కావలెను. ఆ లెక్క తప్పకముందే బ్రేకులు పడును. కబురు రాకున్నను పడును.

ఈ కడపటి మాట చెప్పుచుండగా మా నాయన జ్ఞప్తికి వచ్చెను. ఆయన సిరిసిల్లలో సాంచెలు నడిపెను. సాంచె ప్రక్కన చిన్న ఇనుప ముల్లుండును. పేక దారము దానిని తాకుచున్నంతవరకే సాంచె నడచును. దారము తెగిన, తనంతట ఆగును. ఒకమారు సాంచె మాటిమాటికి ఆగుచున్నదని యజమాని ఆ ముల్లును త్రాటితో కట్టించెను. ఆ రాత్రి దారము తెగినను సాంచె ఆగలేదు. గజము గుడ్డ జల్లెడయైనది. కోత మాత్రము నాయన కూలిలో పడినది. "ఆగే సాంచెను తిట్టొద్దు బిడ్డా" అని ఆయన నాతో ననెను. ఆ వారము మా యింట కూర వండలేదు.

మనుమడు ఆలకించి, "అయితే ఇప్పుడు మన దారం తెగిందా?" అనెను.

"తెగలేదేమో. ముందు బండి ఇంకను స్టేషనులో నుండవచ్చును" అంటిని.

అంతలో బండి మెల్లగా కదిలెను. వాడు నా చేయి వదలి కిటికీ వద్దకు పోయి, "సిరిసిల్లకు రైలెప్పుడు వస్తుంది, తాతా?" అని యడిగెను.

"సిద్దిపేట దాక 2023లో వచ్చినది" అంటిని.