అంచు లేని చదరంగం

అంచులు లేని చదరంగపు బల్ల గురించి చదివేకొద్దీ ఆశ్చర్యం పెరుగుతోంది. నాలుగు వైపులా గళ్లు సాగిపోతూనే ఉంటాయి. చివరి వరుసే లేదు కాబట్టి బంటు ఎంత నడిచినా మంత్రి కాలేదు. మామూలు బల్ల మీదైతే రాజు, ఏనుగు కలిసి ఒంటరి రాజును అంచుకు నెట్టి ఆట కట్టిస్తాయి. ఇక్కడ నెట్టడానికి అంచేదీ? ఇన్నాళ్లూ ఏనుగు బలం అనుకున్నదాంట్లో ఆ అంచు వాటా ఎంతుందో!

నన్ను కట్టిపడేసింది మాత్రం 2014లో ఎవాన్స్, హామ్‌కిన్స్ ప్రచురించిన పరిశోధన పత్రం. కొన్ని స్థితుల్లో తెల్లపావుల గెలుపు ఖాయం, కానీ ఎన్ని ఎత్తుల్లో అన్నది ముందుగా చెప్పలేం. అలాంటి ఒక స్థితిలో నల్ల ఏనుగు వంద గళ్లు జరిగితే ఓటమి కొంత ఆలస్యం. కోటి గళ్లు జరిగితే మరీ ఆలస్యం. జరిగాక లెక్క తేలిపోతుంది. జరగనంతవరకూ ఏ అంకె వేసినా చాలదు. ఆ స్థితి విలువను గణితంలో ఒమేగా అంటారు. వాళ్లు అక్కడితో ఆగకుండా ఒమేగా ఘనం దాకా వెళ్లారు. 2017లో పెర్ల్‌మటర్‌తో కలిసి నాలుగో ఘాతాన్నీ అందుకున్నారు.

చదరంగం ఇష్టమున్నవాళ్లు ఆ పత్రాల్లోని బొమ్మలైనా చూడండి. బారులు తీరిన బంట్లు గోడలై నిలబడ్డ తీరు అద్భుతం.