బూచోడి చేతికి సూది ఇచ్చిందెవరు?

తెలంగాణలోని నెల్లికుదురు చుట్టుపక్కల ఊళ్లలో పెద్దలకు జ్వరమొస్తే ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేస్తేగానీ వైద్యం చేసినట్టు అనిపించదు. ఉత్త గోలీలిచ్చి పంపితే ముఖం ముడుచుకుంటారు. అదే ఇంట్లో పిల్లవాడు అన్నం తినకపోతే మాత్రం ‘డాక్టర్ సారుతోని సూది ఏపిస్త’ అని బెదిరింపు. ఈ మాట ఊళ్లోనే ఆగిపోలేదు, ఇక్కడ కెనడాలో మన తెలుగిళ్లలోనూ వినిపిస్తుంది. పెద్దలకు మందైన వస్తువు పిల్లలకు శిక్ష ఎట్లయింది? పిల్లల భయంలో కొంత సూదిదే, కాదనను. మిగతాది మనం పెట్టింది, కాబట్టి మనమే తీయగలం.

టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా టాడియో బృందం 2012లో ప్రచురించిన సర్వేలో పిల్లల్లో 63 శాతం, తల్లిదండ్రుల్లో 24 శాతం సూదంటే భయమన్నారు. ఇంతమందికి ఉన్నదాన్ని ఒక్క పిల్లవాడి పిరికితనమనడం అన్యాయం. టీకా తప్పించుకోవడానికి ఈ భయమే ముఖ్య కారణమైనవాళ్లు పిల్లల్లో 8 శాతం. టీకా నొప్పి తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ఉపాయాల్లో చాలావాటికి పైసా ఖర్చు లేదు. చంటిబిడ్డకు పాలిస్తూనే టీకా వేయించాలి. కాస్త ఎదిగినవాణ్ణి పడుకోబెట్టి అదిమిపట్టకుండా ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోవాలి. ఒకే రోజు రెండు మూడు టీకాలుంటే ఎక్కువ నొప్పి పెట్టేది చివర్లో వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, నొప్పే ఉండదని అబద్ధం చెప్పకూడదు. మన ‘చీమ కుట్టినట్టుంటది’ పూర్తి అబద్ధం కాదనుకోండి, కానీ ఎర్రచీమ కుట్టినా ఏడవని పిల్లవాడు ఏ ఊళ్లో ఉన్నాడు?

నిజం చెబితే ముందునుంచే ఏడుస్తాడని తల్లులు అంటారు. ఏడవొచ్చు. కానీ అబద్ధం ఒక్కసారే పనిచేస్తుంది. పదహారు నెలలు దాటాక బూస్టర్, అయిదేళ్లకు మరొకటి, పదికి, పదహారుకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) అని భారత సర్కారు పట్టికలో సూదులు వరసగా ఉన్నాయి. మొదటిసారి మోసపోయినవాడు రెండోసారి అమ్మ మాట ఎందుకు నమ్ముతాడు? ‘కొంచెం నొప్పి పెడుతది, తొందరగనే పోతది, నేను పక్కనే ఉంట’ అంటే చాలు. నెల రోజుల ముందునుంచి చెప్పి నానబెట్టనక్కర్లేదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. మన ఊళ్లలో బుధ, శనివారాల్లో టీకాలకు గుంపుగా వచ్చే తల్లుల మధ్య టీకాలేసే నర్సు ఏఎన్ఎంకు ఇంత తీరికెక్కడిది? 2017 ఆగస్టులో తెలంగాణ అంతటా తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు మీజిల్స్-రుబెల్లా టీకా వేసినప్పుడు బళ్లలో పిల్లలు వరస కట్టారు. అట్లాంటి వరసలో ముందున్నవాడి ఏడుపే వెనకవాడికి పాఠం. అయితే వేసేచోట ఒక తడక అడ్డం పెట్టడానికి, పిల్లవాడిని ఏ చెయ్యి పట్టుకోమంటావని అడగడానికి ఎంతసేపు కావాలి? పెనుగులాడే పిల్లవాణ్ణి ఇద్దరు పట్టుకోవడానికి పట్టే సమయం కంటే ఎక్కువైతే కాదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, మాటల్లో పెట్టడం తల్లి పని, నర్సమ్మ మీద పడే బరువే కాదు.

సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయే పిల్లల సంగతి మాత్రం వేరు. వాళ్లకు రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ‘ఒళ్లు వదులుగా పెట్టు’ అన్న సలహా వాళ్లకు పనికిరాదు. వాళ్లను పడుకోబెట్టే వేయాలి, కాళ్ల కండరాలు బిగించి వదలమనాలి. ఈ సంగతి ముందే ఏఎన్ఎం చెవిన వేయడం ఇంటివాళ్ల బాధ్యత.