సుగ్గి నుంచి వచ్చిన సుయోధనుడు

టిక్కెట్టు లేదు. గేటు లేదు. పైన కప్పు అసలే లేదు. చాప మనం తెచ్చుకోవాలి, చల్లగాలి ఊరు ఇస్తుంది. ఎండాకాలం వస్తే చాలు... ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవార్లూ నాటకాలే. వేసేదీ ఊరే, చూసేదీ ఊరే!

రాత్రి పదిన్నర. కోసిగి దారిలో ఓ చిన్న పల్లె. పగలంతా నిప్పులు కురిపించిన ఎండ దిగిపోయి అప్పుడప్పుడే నల్లరేగడి చేల మీంచి గాలి తిరిగింది. గుడి ముందు ఖాళీ స్థలంలో చాపలు, గోనెపట్టాలు, మంచాలు. ముందు వరసలో పిల్లలు అప్పుడే సగం నిద్రలో ఉన్నారు. అవ్వలు వక్కాకు సంచులు విప్పుకుని స్థిరంగా కూర్చున్నారు. వేదిక పక్కన హార్మోనియం శ్రుతి సరిచూసుకుంటోంది.

వేదిక వెనక గుడ్డ తెర చాటుకు తొంగిచూశాను. ఒకాయన ముఖానికి రంగు పూయించుకుంటూ కళ్లు మూసుకుని పద్యం మననం చేసుకుంటున్నాడు. చేతివేళ్ల చివర్లు కమిలి ఉన్నాయి. పక్కనున్న కుర్రాణ్ని అడిగితే నవ్వాడు. ‘‘మిరపకాయలు తెంపిన చేతులు సార్‌. మొన్ననే సుగ్గి నుంచి వచ్చినాడు. ఈ పొద్దు ఈయప్పే దుర్యోధనుడు!’’

ఊరు నిండే కాలం
ఈ ప్రాంతాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ‘సుగ్గి’ అనే మాట తెలియాలి. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇంటికొచ్చే సంబరం. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో మాత్రం సుగ్గికి పోవడమంటే వలస పోవడం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో వాన మీద ఆధారపడ్డ చేలే ఎక్కువ. పత్తి తీశాక ఇక్కడ పనుండదు. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను వదిలి, కుటుంబాలు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు, కర్ణాటకకు కదిలిపోతాయి. కొందరు పిల్లల్నీ వెంట తీసుకెళతారు. బడి మధ్యలోనే ఆగిపోతుంది.

అలా పోయినవాళ్లు ఉగాది నుంచి ఒక్కొక్కరుగా వెనక్కి వస్తారు. మళ్లీ తొలకరి పడేదాకా ఊళ్లోనే ఉంటారు. ఏడాది మొత్తంలో ఊళ్లో ప్రతి ఇంటి తలుపూ తెరిచి ఉండేది అప్పుడే. పెళ్లిళ్లు, దేవరలు, జాతరలు అప్పుడే. నాటకమూ అప్పుడే! ‘‘అందరూ ఊళ్లో ఉన్నప్పుడు ఆడకుంటే యాడ ఆడాల, ఎవరికోసం ఆడాల?’’ అన్నాడో పెద్దాయన. ఇంతకుమించిన వివరణ అక్కర్లేదనిపించింది.

వేషానికి వెల
ఊరి నాటకంలో ఓ తమాషా ఉంది. సినిమాలో నటిస్తే డబ్బిస్తారు. ఇక్కడ నటించాలంటే మనమే డబ్బివ్వాలి! వేషం కట్టేవాళ్లు తలా ఇంత వేసుకుంటారు. పెద్ద వేషానికి పెద్ద మొత్తం. తక్కువ పడితే ఊళ్లో చందా. ఆ డబ్బుతోనే నేర్పే మాస్టారుకు, హార్మోనియం, తబలా వాళ్లకు, కిరీటాలు, భుజకీర్తులు, సీనరీ తెరలు అద్దెకిచ్చేవాళ్లకు చెల్లిస్తారు. ఆడవేషాలకు సాధారణంగా పట్నం నుంచి నటీమణుల్ని పిలిపిస్తారు. చూడొచ్చినవాళ్ల దగ్గర మాత్రం పైసా తీసుకోరు. పైగా పొరుగూరి నుంచి వచ్చినవాళ్లకు అన్నం పెట్టి పంపిస్తారు.

మరి నేర్చుకునేదెప్పుడు? చదవడం రానివాళ్లు కూడా విని విని పద్యాలు కంఠస్థం చేస్తారు. ఆ రాత్రి దుర్యోధనుడు వేసినాయన తన భాగాన్ని మిరపచేలో సాళ్ల మధ్యే వల్లె వేశాడట. ఫోన్‌లో మాస్టారి గొంతు రికార్డు చేసుకుని, సంచి నింపుతూ పాడుకునేవాడట. ‘‘నాల్గు నెల్లు పద్యం పాడితే ఎండ తెలీలేదు సార్‌’’ అన్నాడు, మీసం అతికించుకుంటూ.

ఎక్కువగా ఆడేది ‘కురుక్షేత్రం’. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ, విజయాలను కలిపి రంగస్థలం మీద ఆ పేరుతో పిలుచుకుంటారు. తర్వాత బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్ర’. అందులో కాటిసీను అర్ధరాత్రి దాటాకే వస్తుంది. అప్పటిదాకా కునికిన అవ్వలు కూడా ఆ వేళకు లేచి కూర్చుని కొంగుతో కళ్లొత్తుకుంటారు. ఆలూరు, హొళగుంద వైపు పోయేకొద్దీ ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష. కన్నడ సరిహద్దు పల్లెల ‘బయలాట’ మాటా అక్కడ వినిపిస్తుంది. బయలు అంటే ఆరుబయలు, ఆట అంటే నాటకం. పేరులోనే కప్పు లేదు!

నాటకం సాగుతుంటే మధ్యలో మైకు అందుకుంటారు. ‘‘శ్రీకృష్ణుడి పద్యానికి మెచ్చి ఫలానా వారి అల్లుడు వంద రూపాయలు...’’ రాయబారం ఆగుతుంది. కృష్ణుడు నోటు అందుకుని దండం పెట్టి, మళ్లీ కౌరవ సభలోకి వస్తాడు. పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్‌’. తప్పు పాడితే ఊరుకోరు. జనంలోంచే ఎవరో ఒకరు మిగతా పాదం అందిస్తారు. ఎందుకంటే ఆ వేషం ఆయన ఇరవై ఏళ్ల కిందట కట్టి ఉంటాడు.

బళ్లారి గాలి
ఈ మట్టికి నాటకం కొత్తగా అబ్బింది కాదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోనివే. తెలుగు నాటకరంగానికి బళ్లారి పుట్టినిల్లు లాంటిది. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడే సరసవినోదిని సభ స్థాపించి, 1887లో ‘చిత్రనళీయం’ ప్రదర్శించారు. సుమనోరమ సభ నడిపిన కోలాచలం శ్రీనివాసరావుదీ బళ్లారే. ధర్మవరం వారి మేనల్లుడే బళ్లారి రాఘవ. పగలు వకీలు, రాత్రి నటుడు. స్త్రీ పాత్రల్ని స్త్రీలే వేయాలని పట్టుబట్టిన మనిషి. ఇంగ్లండ్‌ వెళ్లి బెర్నార్డ్‌ షాను కలిసొచ్చారు. 1946లో కన్నుమూశారు. బళ్లారి పెద్దలు నాటకశాలలో వెలిగించిన దీపం పల్లెల్లో పెట్రోమాక్స్‌ లైటయింది. ఇప్పుడది ఎల్‌ఈడీ ఫోకస్‌ కింద నడుస్తోంది.

న్యూయార్క్‌ సెంట్రల్‌ పార్కులోని ఆరుబయలు రంగస్థలంలో 1962 నుంచి వేసవిలో షేక్‌స్పియర్‌ నాటకాలు ఉచితంగా వేస్తున్నారు. ఉచిత టిక్కెట్టు కోసం జనం తెల్లవారకముందే క్యూ కడతారని ప్రపంచమంతా చెప్పుకొంటుంది. కోసిగి దారిలో ఆ క్యూ కూడా లేదు. చాప పట్టుకుని వస్తే చాలు.

వచ్చే ఏడు ఉంటుందా?
తెల్లవారుజామున మూడింటికి టీ బండి దగ్గర పెద్దవాళ్ల మాటల్లో దిగులు వినిపించింది. ఖర్చు ఏటేటా పెరుగుతోంది. అదే డబ్బుతో డీజే పెట్టిద్దామని కుర్రాళ్లు, నాటకమే ఉండాలని పెద్దలు. హార్మోనియం వాయించేవాళ్లు తగ్గిపోయారు. పద్యానికి గొంతు కలిపే పిల్లలూ తగ్గారు. ఆ ఏడాది కూడా నాటకం ఆగిపోవాల్సిందే! దుర్యోధనుడి వేషానికి ఎవరూ ముందుకు రాలేదట. గుంటూరు వైపు నుంచి ఫోనొచ్చింది... ‘‘నా కూలిలో కోసుకోండి, వేషం నాకుంచండి’’ అని.

ఇంటావిడ ఏమందో అని అడిగాను. ఆమె మూడో వరసలోనే కూర్చుని ఉంది. ‘‘ఏమనాల సార్‌? అప్పు తీర్చినాం, గింజలు కొన్నాం. మిగిలింది ఈయప్ప కిరీటానికి పోయింది. కానీ నాల్గు నెల్లు వాళ్ల చేన్లో ఎవురూ ఆయప్పను పేరు పెట్టి కూడా పిల్చలేదు. ఈడ చూడు, ఊరంతా రారాజా అంటాండ్రు’’ అంది. చెబుతున్నంతసేపూ ఆమె చూపు వేదిక మీదే ఉంది.

దానికి ఇక ఏమీ అడగబుద్ధి కాలేదు.

తూరుపు తెల్లబడే వేళకు గదాయుద్ధం. దుర్యోధనుడు తొడ విరిగి పడ్డాడు. పడినచోటే పద్యం ఎత్తుకున్నాడు. రాత్రంతా పాడిన గొంతు జీరబోయింది, అయినా రాగం ఒదల్లేదు. ముందు వరసలో పడుకున్న పిల్లల్లో ఒకడు లేచి, కళ్లు నులుముకుంటూ నాయన పెదాలతో పాటే తన పెదాలూ కదిపాడు. పద్యం చివరిదాకా ఒక్క మాటా తప్పలేదు. టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడ్డ పెద్దాయన నావైపు తిరిగి, ‘‘చూస్తివా?’’ అన్నాడు. అంతే అన్నాడు.

మంగళహారతి అయిపోయింది. కిరీటాలు పెట్టెలో సర్దేశారు. ఆరున్నర బస్సుకు కర్ణుడు ఆదోని మార్కెట్‌ యార్డుకు హమాలీ పనికి వెళ్లిపోయాడు. చెవి వెనక రంగు ఇంకా అలాగే ఉంది.

చూడాలనుకుంటే...
ముంబయి-చెన్నై రైలుమార్గంలో గుంతకల్లు, రాయచూరు మధ్య ఆదోని స్టేషన్‌ ఉంది. కోసిగి కూడా అదే దారిలో వస్తుంది. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఎమ్మిగనూరు ఆదోనికి దాదాపు 30 కిలోమీటర్లు. కర్నూలు నుంచి రెండు ఊళ్లకూ బస్సులున్నాయి. పగలు ఆదోని కోట, రణమండల కొండ, సిద్ది మసూద్‌ఖాన్‌ కట్టించిన జామియా మసీదు చూడొచ్చు. పొద్దున ఉగ్గాని-బజ్జీ తినడం మరవొద్దు. నాటకాలకు ముందే ప్రకటించే పట్టిక ఉండదు. ఉగాది దాటాక బస్టాండు గోడల మీద పోస్టర్లు చూడండి. లేదా టీ కొట్లో అడగండి... ‘ఈ రాత్రి నాటకం యాడ?’ అని. దారి చెప్పడమే కాదు, చాలాసార్లు బండెక్కించుకుని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెడతారు కూడా!