తాత చిట్టా పుస్తకం

కొంచెం పొడుగైన పోస్టు, ఓపిగ్గా చదవండి.

కోవిల్‌పట్టి దగ్గర కరిసల్ నేలలో మా తాత కట్టిన ఇల్లు ఇరవై ఏళ్లుగా తాళం వేసి ఉంది. ఇంటినీ వెనకున్న బావి చేనునూ అమ్మేద్దామని పెద్దలు అనుకున్నారు. కొలతలకు మనుషులు వచ్చేలోపు దారి చేద్దామని అన్నదమ్ముల పిల్లలం నలుగురం కొడవళ్లు, గొడ్డళ్లు పట్టుకుని వెళ్లాం.

వాకిలి నుంచి బావి దాకా సీమతుమ్మే. ఇక్కడ తమిళంలో దాన్ని వేలికాత్తాన్ అంటారు, కంచెను కాచినవాడని. కంచె మాట దేవుడెరుగు, వీడు ఇల్లే మింగాడు. గుమ్మం చేరేసరికి మధ్యాహ్నమయింది, చేతుల నిండా ముళ్లు.

లోపల ఒక మూల కప్పు కూలింది. తిరగలి, గింజలు కొలిచే పడి, మూల కవలె బాన. దాని తోలు తొండం ఎప్పుడో చీకిపోయి ఇనుము మాత్రం మిగిలింది. ఎద్దులు వాలులో దిగితే బాన పైకొచ్చి నీళ్లు పోస్తుందట, వెనక్కి నడిస్తే మళ్లీ బావిలోకి దిగుతుందట. మేం పుట్టేసరికే కరెంటు మోటారు, అందుకే 'అట'లు.

అటక మీద ట్రంకుపెట్టె. అందులో అంచులు చెద తిన్న చిట్టా పుస్తకం, తాత చేతిరాత.

మాలో ఇద్దరం ఆదివారం తరగతుల్లో తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాళ్లమే. అచ్చులో ఉంటే కూడబలుక్కుని చదువుతాం. తాతది గొలుసుకట్టు, కలం ఎత్తకుండా వరస చివరిదాకా లాగాడు. అంకెలు కూడా తెలుగువే. ఇంట్లో పొద్దస్తమానం తెలుగే మాట్లాడతాం, మా ఇంటి లెక్క మాత్రం ఒక్క ముక్క అందలేదు. బడిలో చదివింది తమిళం. ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారు మనవాళ్ల వలస కథను 'గోపల్ల గ్రామం'గా తమిళంలో రాశారు కాబట్టి మేం చదవగలిగాం.

చదవగలిగేది ఇంక మా మేనత్త ఒక్కతే. ఎనభై నాలుగేళ్లు. తాత ఆమెకు ఇసకలో అక్షరాలు దిద్దించాడు. పురుడుకి పుట్టింటికి వచ్చినప్పుడు తన నగలు బావికి తీసుకున్నారని, తిరిగి ఇవ్వలేదని ఆమె అరవై ఏళ్లుగా చెప్తోంది. "మా నాన్న కూతురి బంగారం ముట్టడు" అని మా నాన్నలు కొట్టిపారేసేవాళ్లు. మేమూ అదే నమ్మాం. పండక్కి కూడా ఆమె ఇంటికి పోవడం మానేశాం. ఇప్పుడు పోయింది కూడా అవసరం పడి.

అత్త ఏమీ అనలేదు. కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టింది. కరుంగణ్ణి పత్తి అమ్మకం, ఎద్దుల తవుడు, కూలి బేడ, కూలి పావలా. వికారి సంవత్సరం, అంటే 1959-60 దగ్గరికొచ్చి గొంతు ఆగింది. తర్వాత నెమ్మదిగా చదివింది. "అమ్మడి కంటె, గాజులు, తొమ్మిది సవరన్లు, బావి తవ్వకానికి. పత్తి రాగానే తిరిగి ఇవ్వవలెను."

మిగతా అప్పుల పక్కన 'చెల్లు' అని ఉందట. దీని పక్కన ఖాళీ.

ఫోన్ చేసి చెప్తే పెదనాన్న ఒక్కటే అన్నాడు. "అది నోటికొచ్చింది చదివింది. మీరు చూశారా?" చూశాం, చదవలేకపోయాం. ఏం జవాబు చెప్తాం?

హోసూరులో రిటైరైన తెలుగు మాస్టారికి ఆ పేజీ ఫోటో పంపాం. కథేమీ చెప్పలేదు. గంటలో చదివి పంపారు. మాట మాటా అదే.

పెదనాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు, అమ్మిన డబ్బులో ముందు తొమ్మిది సవరన్లకు నేటి ధర తీసిపెట్టాలన్నాడు. చిన్నాన్న ఇంకా ఒప్పుకోలేదు, ఆయనతో మాట్లాడుతున్నాం. అందాకా అమ్మకం ఆపాం. అత్తకు ఈ సంగతి చెప్తే, "బంగారం సరే, ఆ పెద్దాణ్ణి ఒకసారి ఇంటికి రమ్మను" అంది.

పుస్తకం ఆమె దగ్గరే ఉంచి వచ్చాం. ఇంకా నలభై పేజీలున్నాయి, వారానికి రెండు చదివి వినిపిస్తానంది. బావి చుట్టూ వేలికాత్తాన్ ఇంకా కొట్టలేదు.