అరువు స్తంభాలు, సొంత సమాధి

అల్జీరియా రాజధాని అల్జీర్స్ నుంచి తీరం వెంబడి పడమరకు సుమారు 60 కిలోమీటర్లు వెళితే, ఒక పక్క మధ్యధరా సముద్రం, మరో పక్క మితీజా మైదానం కనిపించే మిట్ట మీద పెద్ద రాతి సమాధి ఒకటి ఉంది. అడుగున గుండ్రటి కట్టు, దాని మీద మెట్లు మెట్లుగా పైకి సన్నబడే శంకువు. అడ్డుకొలత దాదాపు 60 మీటర్లు, ఎత్తు ఇప్పటికీ 30 మీటర్లు దాటుతుంది. ఉత్తర ఆఫ్రికాలోని ప్రాచీన మౌరెటానియాను ఏలిన బెర్బర్ రాజు రెండవ జుబా, ఆయన రాణి క్లియోపాత్రా సెలీనీల సమాధిగా దీనికి పేరు. చుట్టుగోడకు అంటి గ్రీకు అయోనిక్ శైలి అర్ధ స్తంభాలు 60 ఉండేవి. అందరి కళ్లూ వాటి మీదే పడతాయి. గ్రీకు పనితనం అనో, రోము ప్రభావం అనో తేల్చేసి ముందుకు సాగిపోతారు. ఏది మనది, ఏది కాదు అని నిత్యం లెక్కలు వేసుకునే ప్రవాసులం ఈ తీర్పు దగ్గర కాసేపు ఆగాలి. నా దృష్టిలో అది తప్పు తీర్పు. ఈ సమాధి ఉత్తర ఆఫ్రికా మూలవాసులైన బెర్బర్లదే. అలా అనడానికి అభిమానం అక్కర్లేదు, ఆధారాలు చాలు.

మొదటి ఆధారం ఇదే దేశంలో, తూర్పున బత్నా దగ్గర ఉంది. మెద్రాసెన్ అనే ఆ రాజసమాధి క్రీ.పూ. 3వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల అంచనా. ఇంకా పాతదనేవారూ ఉన్నారు. దానికీ అడుగున గుండ్రటి కట్టు, పైన మెట్ల శంకువు, చుట్టూ 60 స్తంభాలు. అడ్డుకొలత 59 మీటర్లు, ఎత్తు మాత్రం 19 మీటర్ల లోపే. రెండింటికీ నడుమ వందల కిలోమీటర్ల దూరం, దాదాపు రెండు శతాబ్దాల కాలం. అయినా ఆకారం, వెడల్పు, స్తంభాల లెక్క ఇంత దగ్గరగా కలవడం కాకతాళీయం కాదు. మెద్రాసెన్‌కూ పూర్వీకులున్నారు. చనిపోయినవారి మీద రాళ్లు పేర్చి, చుట్టూ గుండ్రంగా గోడ కట్టి, కొన్నిచోట్ల మెట్లుగా లేపిన సమాధులు ఉత్తర ఆఫ్రికాలో ఎన్నో ఉన్నాయి. పురావస్తు శాస్త్రవేత్తలు వాటిని బజీనాలంటారు. ఆ రాతి దిబ్బనే రాజుల కోసం చెక్కిన రాళ్లతో కొండంత చేశారు.

రోములో చక్రవర్తి ఆగస్టస్ క్రీ.పూ. 28 ప్రాంతంలో మొదలుపెట్టిన తన సమాధి కూడా గుండ్రటిదే కదా, జుబా దాన్ని చూసి కట్టించుకున్నాడేమో అని అడగవచ్చు. ఈ అనుమానానికి బలం ఉంది. క్రీ.పూ. 46లో తండ్రి మొదటి జుబా యుద్ధంలో ఓడి ప్రాణం తీసుకున్నాక, పసివాడైన కొడుకును రోములో జూలియస్ సీజర్ విజయోత్సవ ఊరేగింపులో ప్రదర్శించారు. ఆ పిల్లవాడు రోములోనే పెరిగాడు, అక్కడే చదువుకున్నాడు. క్రీ.పూ. 25లో ఆగస్టస్ అతణ్ని మౌరెటానియాకు రాజును చేశాడు. జుబా తన రాజధాని ఇయోల్‌కు ఆగస్టస్ సీజర్ గౌరవార్థం సిజేరియా అని పేరు మార్చాడు, పుస్తకాలు గ్రీకులో రాశాడు. ఇంతగా రోముకు అలవాటుపడ్డ మనిషి సమాధి కూడా అక్కడి నుంచే తెచ్చుకుంటాడనిపిస్తుంది. కానీ ఆగస్టస్ సమాధికి పునాది పడేనాటికే మెద్రాసెన్ పాతబడింది. రోముకు ఆఫ్రికాలో సెంటు భూమి లేని రోజుల్లో లేచిన కట్టడం అది. పైగా ఆగస్టస్ సమాధి పైభాగం చెట్లు నాటిన మట్టి దిబ్బ అని ఆ కాలపు గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. ఇక్కడ ఉన్నది రాతి మెట్ల శంకువు, మెద్రాసెన్ తరహాలోనే.

స్తంభాల సంగతేమిటి? అవి అరువు తెచ్చుకున్నవే, కాదనను. మెద్రాసెన్ స్తంభాలు గ్రీకు డోరిక్ శైలివి, వాటి పైన ఉన్న అంచు ఈజిప్టు తరహాది. అయితే అరువును బట్టే సొంతదారు ఎవరో తేలుతుందంటే మన నాగార్జునకొండకూ చిక్కే. అక్కడ రోము చక్రవర్తి టైబీరియస్ బంగారు నాణెం దొరికింది. జుబా చనిపోయింది ఆ టైబీరియస్ హయాంలోనే. అక్కడి ఒక శిల్పంలో కొమ్ము పాత్ర పట్టుకున్న గడ్డపు మనిషి గ్రీకుల మద్యదేవుడు డయోనిసస్‌ను తలపిస్తాడు. అంతమాత్రాన ఇక్ష్వాకుల నాగార్జునకొండను ఎవరూ రోము కట్టడం అనరు. పని ఎక్కడ నేర్చారన్నది ఒక ప్రశ్న, ఎవరి అవసరానికి, ఎవరి ఆచారానికి వాడారన్నది ఇంకో ప్రశ్న. సొంతం తేల్చేది రెండోదే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరాలు రెండున్నాయి. 1865-66లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడవ నెపోలియన్ ఆజ్ఞ మీద తవ్వినవారికి లోపల 140 మీటర్లకు పైగా చుట్టు తిరిగే దారి, గదులు కనిపించాయి గానీ అస్థికలు దొరకలేదు, పేరు చెప్పే శాసనమూ లేదు. కట్టించింది జుబా అని ఎలా చెప్పగలం? క్రీ.శ. 1వ శతాబ్దపు రచయిత పొంపోనియస్ మేలా దీన్ని రాజవంశానికి ఉమ్మడి సమాధిగా పేర్కొన్నాడు. జుబా కన్నా ముందే కట్టారనే పండితులూ ఉన్నారు. అదే నిజమైతే రోము పాత్ర ఇంకా తగ్గుతుంది, నా వాదనకు నష్టం లేదు. రెండోది, జుబా రోము చేతి కీలుబొమ్మ, స్థానికుల మెప్పు కోసం పాత ఆకారాన్ని వాడుకున్నాడు అనేది. కావచ్చు. కానీ జనం లెక్కచేయని ఆకారంతో జనం మెప్పు దొరకదు. రోము పంపిన రాజు కూడా దాన్నే ఎంచుకోవలసి వచ్చిందంటే, ఆ ఆచారానికి నేల మీద ఎంత పట్టుందో తెలుస్తుంది.

ఈ చర్చ పండితుల కాలక్షేపం కాదు. 1830లో అల్జీరియాను ఆక్రమించిన ఫ్రాన్స్ తరఫున, తాము రోముకు వారసులమని, పోయిన సొత్తును తిరిగి తీసుకుంటున్నామని వాదించిన రచయితలున్నారు. ఆ కథలో బెర్బర్లు ఎప్పటికీ శిష్యులే. స్వాతంత్ర్యం 1962లో వచ్చినా, వాళ్ల తమజీగ్త్ భాషకు అధికార హోదా దక్కింది 2016లోనే. అలాగని అంతా స్వచ్ఛంగా స్థానికమే అనడం కూడా అబద్ధమే. ఈజిప్టు రాణి క్లియోపాత్రాకూ రోము సేనాని ఆంటోనీకీ పుట్టిన సెలీనీని ఆ కథలో ఎక్కడ పెడతాం? మన ప్రవాస సంఘాల్లోనూ ఈ రెండు పొరపాట్లూ ఉన్నాయి. పిల్లల యాస చూసి పరాయివాళ్లయిపోయారంటాం, లేదంటే ఇక్కడి గాలి సోకని తెలుగుదనం కావాలంటాం. ఈ సమాధి రెండింటికీ జవాబు. చూడబోయేవారు వీలైతే ముందు మెద్రాసెన్‌కు వెళ్లండి. వరస మారితే స్తంభాలే చరిత్ర అనిపిస్తాయి.