నీడలో కొలిచిన ఎండ

జులై వచ్చిందంటే హవల్లీలో కుళాయి తిప్పితే వేడినీళ్ళే. మిద్దె మీద ట్యాంకు కాగిపోయి ఉంటుంది. అందుకని గీజరు స్విచ్చి ఆపేసి, ఇంట్లో చల్లారిన ఆ గీజరు నీళ్ళతోనే స్నానం చేస్తాం.

ఏటా ఆ రోజుల్లోనే ఒక పుకారు కూడా బయల్దేరుతుంది. యాభై దాటితే పనికి సెలవివ్వాలట, అందుకే తగ్గించి చెప్తారట. రాయచోటి వైపు తమ్ముడొకడు శుక్రవారాలు మా రూముకి భోజనానికి వస్తాడు. కట్టడాల పని. ఒకసారి ఫోను తీసి నా ముందు పెట్టాడు. ఎండలో నిలిపిన కారులో తీసిన ఫొటో, డ్యాష్‌బోర్డు మీద 57.

"వార్తల్లో 49 అన్యారు. ఏది నిజమన్నా?"

నాకు తెలిసిన సంగతే కదా అని అందుకున్నాను. థర్మామీటరు చెప్పేది ఎప్పుడూ తన వేడినే. పాదరసం వేడికి వ్యాకోచించి గొట్టంలో పైకి పాకుతుంది. ఇప్పటి పరికరాల్లో ప్లాటినం తీగ వేడెక్కేకొద్దీ కరెంటుకి దాని నిరోధం పెరుగుతుంది. ఏదైనా ఎండలో పెడితే ఆ ఎండని తాగి గాలికంటే ఎక్కువ చూపిస్తుంది. కారు సెన్సరుకైతే తారురోడ్డు సెగ, ఇంజను వేడి అదనం. గాలి వేడి తెలియాలంటే థర్మామీటరుకి నీడ కావాలి, గాలి ఆడాలి. అందుకే స్టీవెన్సన్ అనే ఇంజనీరు తెల్లరంగు వేసిన, రెండు వరసల రెక్కలున్న చెక్కపెట్టె చేశాడు. దాన్ని మనిషి ఎత్తుకి అటూఇటూగా నిలబెడతారు. కువైట్ దాచిపెట్టిందేమీ లేదు. 2016 జులై 21న మిత్రిబాలో నమోదైన వేడిని ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి, 53.9 డిగ్రీలని 2019లో ఒప్పుకుంది. ఆసియాలోనే అది రికార్డు.

వాడు అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు.

"అయితే ఆ 49 నీడలోదా?"

"అవును."

"మేం నీడలో లేం గదన్నా."

ఏసీ ఆఫీసులో కూర్చునే నాకు అప్పుడు మాట రాలేదు.

తర్వాత తెలిసింది, వాడి ప్రశ్నకి కూడా ఒక కొలత ఉందని. మూడు థర్మామీటర్లు కావాలి. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుడతారు. చెమట ఆరుతుందో లేదో అది చెప్తుంది. ఒకటి నల్లటి గోళంలో, నడి ఎండలో. మూడోది మామూలుగా గాలి వేడిని చూసేది. లెక్కలో తడిగుడ్డకి నూటికి 70 వంతులు, నల్లగోళానికి 20, గాలి వేడికి మిగిలిన 10. మేమిద్దరం వాదించుకున్నది ఆ పది గురించే! ఖతార్‌లో 2021 నుంచి ఈ కొలత 32.1 దాటితే ఆరుబయట పని ఆపాలన్నది నిబంధన.

ఇక్కడ గడియారమే కొలత. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా, పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఎండలో పని చేయించకూడదు. మంచి నియమమే. కానీ పదిన్నరకి మండే ఎండకీ, సెప్టెంబరు ఉక్కపోతకీ గడియారం చూడటం రాదు.

తర్వాతి శుక్రవారం ఈ మూడు థర్మామీటర్ల సంగతి చెప్పాను. తడిగుడ్డ మాట దగ్గర వాడు నవ్వాడు. తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి చూపించాడు.

"మాకూ ఒగటుంది లేన్నా. ఇది ఆరకపోతే ఆ పొద్దు కళ్ళు తిరుగుతాయి."